ఎలక్ట్రీషియన్ బిగించిన పికప్‌లు

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకా మూడేళ్ళు ఉందనగా, నేను పనిచేసే సంగీత పరికరాల డీలరు తన వర్క్‌షాపును దోహా నడిబొడ్డు నుంచి అబూ హమూర్‌కు మార్చాడు. కింద గోడౌను, పైన నా బల్ల. నా హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. వర్క్‌షాపులో నేను తప్ప మరో ఇంజనీరు లేడు కాబట్టి ఎవరికంటే సీనియర్నో నాకు రిటైరయ్యేదాకా తెలియలేదు. హోటల్ బ్యాండ్ల కీబోర్డులు, స్కూళ్ళ యాంప్లిఫయర్లు, సరదాగా కొని అటక మీద పడేసిన గిటార్లు నా దగ్గరికి వచ్చేవి. ఊరంతా తవ్వకాలు, దారి మళ్ళింపులు. ఇచ్చిన టైముకు వచ్చిన కస్టమరును చూస్తే అనుమానం వేసే రోజులవి.

గంగాధర్ చెప్పిన టైముకే వచ్చాడు. మెట్‌పల్లి దగ్గరి మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. అల్ రయ్యాన్ వైపు ఒక స్టేడియం పనిలో ఎలక్ట్రికల్ చార్జ్‌హ్యాండ్, అంటే ఫోర్‌మన్‌కు ఒక మెట్టు కింద. హెల్పరుగా వచ్చి ఆ మెట్టు దాకా ఎక్కాడు. ఆ వారం రాత్రి డ్యూటీ కావడంతో పగటి నిద్ర మానుకుని గిటారు మోసుకొచ్చాడు. స్వదేశం వెళ్ళిపోతున్న ఫిలిప్పీన్స్ సహోద్యోగి దగ్గర కొన్న ఎలక్ట్రిక్ గిటారు అది. పాత పికప్‌లలో ఒకటి చచ్చిపోతే, మా షోరూములో కొత్త జత కొని స్వయంగా బిగించుకున్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గిటారు తీగల కింద ఉండే అయస్కాంతపు ముక్కే పికప్. తీగ కంపనాన్ని సన్నని కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఇతను కొన్న రకంలో ఒక్కో పికప్‌లో పక్కపక్కన రెండు కాయిల్స్, అంటే సన్నని రాగితీగ చుట్టలు, ఉంటాయి. ఒకదాని చివర మరొకదానికి కలిస్తేనే నిండు శబ్దం వస్తుంది, గుంయ్‌మనే రొద తగ్గుతుంది.

ఇతని గిటారు మాత్రం పీలగా, రేకు డబ్బా మీద గీరినట్టు పలుకుతోంది. పైగా రొద.

"మీ దుకాన్లనే తీసుకున్న సార్. డూప్లికేట్ మాల్ ఇచ్చిండ్రు," అన్నాడు కూర్చోకుండానే.

నాకు ఆ మాట రుచించలేదు. గిటారు వాయించేవాళ్ళలో సగం మంది జబ్బు పేరు వాళ్ళే చెప్పి మందు మాత్రం మనల్ని అడుగుతారు. తొందర ఏమిటని అడిగాను. కంపెనీ పనివాళ్ళు ఉండే క్యాంపుల మధ్య పాటల పోటీ పెడుతున్నారట. ఇతని క్యాంపు జట్టుకు శుక్రవారం సెలక్షన్. జట్టును చూసుకునే మలయాళీ సూపర్‌వైజరు రిహార్సల్‌లో ఇతని గిటారు విని, కీబోర్డులో గిటారు శబ్దం కూడా ఉంది కదా అన్నాడట.

"శుక్కురారం గిటార్ ఇనబడకుంటే నా ముక్క గూడ కీబోర్డోడే కొడ్తడట. నేను ఖలాస్. ఏడేండ్లాయె సార్ స్టేజి ఎక్కక. మా కాడ వినాయక నవరాత్రులల్ల ఆర్కెస్ట్రాల కొడ్తుంటి."

గొంతులో బతిమాలుడు లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. అది బుధవారం.

మా పద్ధతిలో పరికరాన్ని విప్పడం చివరి పని. ముందు అతని కేబుల్ తీసేసి నా కేబుల్ పెట్టి, గుణం తెలిసిన నా యాంప్లిఫయర్‌కు కలిపాను. అదే పీలగొంతు. తర్వాత పికప్ ఎత్తు. తీగలకు దూరమైతే శబ్దం బలహీనపడుతుంది, కొత్తవి బిగించినవాళ్ళు చాలామంది దీన్ని మరిచిపోతారు. ఇతను మరిచిపోలేదు, రెండు వైపులా సమంగా పైకి తెచ్చాడు. అప్పుడు వెనక మూత విప్పాను.

నా సర్వీసులో అంత శుభ్రమైన పని అరుదుగా చూశాను. ప్రతి అతుకూ మెరుస్తోంది. వైర్లు వంకర లేకుండా ఒకే వరుసలో కట్టి ఉన్నాయి. ఇంత చక్కగా బిగించినవాడు తప్పు చేసి ఉండడు, వస్తువులోనే లోపం ఉండవచ్చు అనిపించింది. వారంటీ కింద మార్చమని రాద్దామనుకున్నాను కూడా. అలా రాస్తే కొత్త జత రావడానికి రెండు వారాలు పట్టేది. శుక్రవారం ఆగదు.

రాసేముందు మీటరు పెట్టడం నియమం కాబట్టి పెట్టాను. పికప్ చూపించాల్సిన నిరోధంలో సగమే చూపించింది. రెండోదీ అంతే. కొత్త జతలో రెండూ ఒకేలా, సరిగ్గా సగానికి చెడిపోవడం జరగని పని. యాంప్లిఫయర్ ఆన్ చేసి, స్క్రూడ్రైవరు కొసతో ఒక కాయిల్ మీద తట్టాను. టక్ మని పెద్దగా వినిపించింది. పక్క కాయిల్ మీద తడితే దాదాపు ఏమీ లేదు. ప్రతి పికప్‌లోనూ ఒక కాయిల్ నిద్రపోతోంది.

వైర్లను మళ్ళీ చూశాను. నాలుగు రంగుల్లో ఎరుపు శబ్దం వెళ్ళే దారికి, ఆకుపచ్చ ఎర్త్‌కు, నలుపు కూడా ఎర్త్ వైపే కలిపి ఉన్నాయి. మిగిలిన తెల్లదాని కొసకు టేపు చుట్టి, అందంగా మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇది గిటారు వైరింగు కాదు, స్టేడియం వైరింగు. సైటులో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. గిటారులో న్యూట్రల్ విడిగా ఉండదు కాబట్టి నలుపును ఎర్త్ వైపే కలిపాడు. మిగిలిన వైరు స్పేరు, దానికి టేపు చుట్టి మడవడం మంచి ఎలక్ట్రీషియన్ లక్షణం. పికప్ తయారుచేసినవాళ్ళకు ఆ లెక్క వర్తించదు. వాళ్ళ ప్రకారం నలుపే శబ్దం మోసే వైరు. ఎరుపు, తెలుపు ఒకదానికొకటి కలిస్తేనే రెండో కాయిల్ పనిచేస్తుంది. పెట్టెలో రంగుల బొమ్మ వేసిన కాగితం ఉంటుంది. చూశారా అని అడిగాను.

"కలర్లు నాకు ఎరుకే గద సార్," అన్నాడు.

చెయ్యాల్సింది చెప్పాను. చార్జ్‌హ్యాండ్ ఒప్పుకోలేదు. "నలుపు లైవ్ ఎట్లయితది సార్? అట్ల చేసిన మనిషిని మా సైటుల నిలవడనియ్యరు." రెండేళ్ళ కిందట ఎవరో నల్ల వైరును ఫేజ్‌కు కలిపి వదిలేస్తే, అది న్యూట్రలే అనుకుని పట్టుకున్న నేపాలీ హెల్పరు చెయ్యి కాలిందట. ఆ హెల్పరు ఇతని కింద మనిషి. గిటారులో చీమకు కూడా చురుకు తగిలేంత కరెంటు ఉండదని చెప్పాను. విన్నాడు, తల ఊపాడు, సోల్డరింగ్ ఐరన్ మాత్రం ముట్టుకోలేదు. నాకు కొంచెం చిరాకు వేసింది. శుక్రవారం ఎవరికి, నాకా?

వాదన మానేసి, తెలుపును ఎరుపుతో తాత్కాలికంగా క్లిప్పులతో కలిపి, నలుపును శబ్దం దారికి పెట్టి, ఒకసారి మీటమన్నాను. మీటాడు. బల్ల మీది స్క్రూల డబ్బా అదిరింది. రొద పోయింది. మరోసారి మీటి, తీగ పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"ఎర్ర స్లీవ్ ఉన్నదా సార్?" అన్నాడు.

స్లీవ్ అంటే వైరు కొసకు తొడిగే రంగు గొట్టం. ఒక రంగు వైరును ఇంకో పనికి వాడాల్సి వస్తే, కొసకు ఆ పనికి తగిన రంగు స్లీవ్ తొడగాలని వాళ్ళ సైటు నియమం. నా డ్రాయరులోంచి ఇచ్చాను. రెండు నల్ల వైర్ల కొసలకూ ఎర్ర స్లీవ్ తొడిగాకే సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకున్నాడు. గిటారుకు ఇదెందుకని అడిగితే, "నా తర్వాత ఇప్పెటోనికి తెల్వాలె గద," అన్నాడు. మీటరు ఇప్పుడు పూర్తి నిరోధం చూపించింది. రెండు కాయిల్సూ స్క్రూడ్రైవరు దెబ్బకు సమంగా పలికాయి. డూప్లికేట్ మాల్ అన్న మాటను ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు.

శనివారం ఫోన్ చేశాడు. "సార్, ఇనబడ్డది. నన్ను ఉంచిండ్రు," అన్నాడు. నాకు సంతోషం వేసింది.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం ఒక పద్ధతి పాటించాను. ఎవరైనా సొంతంగా బిగించుకున్న పరికరం తెస్తే, ఏమైందని అడిగేముందు మీరేం పని చేస్తారని అడిగేవాణ్ణి. పని రానివాడి తప్పు వదులుగా, వంకరగా, మూత తీయగానే కనబడుతుంది. పని వచ్చినవాడి తప్పు చక్కగా ఉంటుంది, అందుకే దాన్ని వదిలేసి మనం మిగతావన్నీ వెతుకుతాం.