లైబ్రరీ ముందు డబ్బాల లైను

ఎనభైల నాటి మాట. బొంబాయి కామాటిపురలో అప్పట్లో ఎవరికి ఏ కొలువు దొరికినా అది గదికో కాపురంగా ఉండే మా చాల్ మొత్తానికీ దొరికినట్టే లెక్క. దగ్గరి కాలేజీ లైబ్రరీలో నాకు తాత్కాలిక ఉద్యోగం వచ్చిన రోజున, గోడలకు ప్లాస్టరింగ్ చేసే మా నాయిన ఫోరస్ రోడ్ దాకా పోయి మరీ, "మా బిడ్డ కాలేజిల పుస్తకాలన్నిటికీ పెద్ద" అని అందరికీ చెప్పొచ్చాడు. పెద్దరికమైతే వచ్చింది గానీ ఆ పుస్తకాలు అడిగే నాథుడే లేడు. నేను ఈగలు తోలుకోవడం చూసి ప్రిన్సిపాల్‌గారు, "వచ్చే నెల నుంచి ఇది కేరమ్ గది" అనేశారు. గది పోతే నా కొలువూ పోతుంది. ఇక నాయిన మొహం ఎట్లా చూడను?

నా కోపమంతా చరిత్ర సారు మీద. ఆయన మన తెలుగాయనే. పాఠమంతా నోట్సు చెప్పి రాయించేవారు. ఒకరోజు స్టాఫ్‌రూములో పట్టుకుని అడిగేశాను.

"సార్, అంతా మీరే చెప్పేస్తే పోరగాళ్లు నా దగ్గరికెందుకొస్తరు?"

"వస్తే మాత్రం? క్లాసు నిండ పోరగాళ్లు, పుస్తకాలు చూస్తే చారెడు లేవు గదమ్మా!"

"మీరు పంపుండ్రి సార్, సరిపెట్టుడు నాకొదిలెయ్యుండ్రి." (గొప్పకు పోయి అన్నాను గానీ, ఎలా సరిపెడతానో నాకే తెలియదు.)

ఇద్దరం కూర్చుని పథకం వేశాం. పాఠానికి తగ్గ పుస్తకాలు ముందే తీసి, పేజీల్లో చీటీలు పెట్టి ఉంచడం నా వంతు. పాఠాన్ని మంచి పట్టు మీద ఆపేయడం ఆయన వంతు. అబ్బ, ఎంత బాగా ఆపారనుకున్నారు! ఫ్రాన్సు రాజు మారువేషంలో, పెళ్లాం పిల్లలతో బండెక్కి పారిపోతున్నాడు. దారిలో ఒక ఊళ్లో బండి ఆపి, దీపం ఎత్తి మొహం చూశారు... "మిగతాది లైబ్రరీలో ఉంది" అని సారు బయటికి నడిచారు.

ఇక చూస్కోండి! నల్లా దగ్గర బిందె పెట్టి నంబరు పట్టుకోవడం మా చాల్ పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. మర్నాడు పొద్దున వస్తూనే లైబ్రరీ గుమ్మం ముందు టిఫిన్ డబ్బా, గొడుగు, ఒంటి చెప్పు, ఏది దొరికితే అది వరుసగా పెట్టి క్లాసులకు పోయారు. మధ్యాహ్నం గంట కొట్టాక ఎవరి వంతు వస్తే వాళ్లు అక్కడే కూర్చుని చదువుకోవాలి. ఆ ఏర్పాటు నాకూ నచ్చింది.

సరిగ్గా ఆ గంట కొట్టబోయే ముందు, కేరమ్ బల్లకు కొలతలు చూసుకోవడానికి ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. ఖాళీ గది చూసి సంతోషించారు, గుమ్మం ముందు చెప్పులూ డబ్బాలూ చూసి మండిపడ్డారు. "హే కాయ్ ఆహే?" (ఇదేమిటి?)

నేను నోరు తెరిచేలోపే గంట కొట్టారు. వరండా దద్దరిల్లిపోయింది. "నా డబ్బా ముందట!" "హట్ రే, ఛత్రీ నాది!" అంటూ పిల్లలు విరుచుకుపడి, ఎవరి వస్తువు దగ్గర వాళ్లు నిలబడ్డారు. వెనకాలే వచ్చిన చరిత్ర సారు సంగతంతా చెప్పారు. ప్రిన్సిపాల్‌గారు (లెక్కల మనిషి, పాపం) కాసేపు గింజుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ, రాజు దొరికాడా?"

"పుస్తకంలో ఉంది సార్."

ఆయన చటుక్కున బల్ల మీది పుస్తకం అందుకోబోయారు. అంతే, నాలోని నల్లా దగ్గరి మనిషి లేచింది.

"లైన్, సార్! లైన్!"

నా కొలువు గంగలో కలిసిందనుకున్నాను. ఆయన నన్ను చూశారు, లైను చూశారు. తన చేతిలోని గొడుగును తీసుకెళ్లి అందరికంటే చివర పెట్టారు. పిల్లల చప్పట్లు ఫాక్‌లాండ్ రోడ్ దాకా వినబడే ఉంటాయి!

కేరమ్ బల్ల మళ్లీ ఆ ఛాయలకు రాలేదు, నా ఉద్యోగమూ ఖాయమైంది. తర్వాత చాలా పెద్ద లైబ్రరీల్లో పనిచేశాను. పెద్ద మనుషులొస్తే లేచి నిలబడి, అడక్కముందే పుస్తకం చేతికిచ్చాను. అలా ఇచ్చినప్పుడల్లా ఆ వరండాలో "లైన్, సార్!" అని అరిచిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చేది. అంత ధైర్యం దానికెక్కడిదే తల్లీ!