వణుకు చేతిదా, సామానుదా?

నిన్న సాయంత్రం తొలకరి జల్లు పడింది. వసారాలో మేకుకి వేలాడుతున్న సంచుల మీద నాలుగు చినుకులు పడ్డాయో లేదో, టార్పాలిన్ వాసన ఇల్లంతా పాకింది. మా అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆ లారీ కంపు అవతల పారెయ్యవే తల్లీ" అన్నారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. అది సువార్త టీచరుగారి వాసన. నిజానికి ఆవిడ కొబ్బరినూనె, సుద్దముక్కల పొడి తప్ప వేరే వాసన ఎరగని మనిషి. అయినా సరే, తడిసిన టార్పాలిన్ దగ్గరికి ముక్కు వెళ్తే చాలు, ఆవిడ పక్కనే నిలబడి "ఎందుకంటావ్?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. ఇవాళ పొద్దున్నే ఆ సంచులు దించి, మూలనున్న సైకిలు దుమ్ము దులిపి, రిపేరు షాపుకి తోసుకెళ్ళాను.

సువార్త టీచరుగారిది జగ్గయ్యపేటలో మా పక్కిల్లు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. దానియేలుగారని ఒక తమ్ముడు, విజయవాడలో ఉద్యోగం. నేనప్పటికి నందిగామలో ఒక కాలేజీ లైబ్రరీలో కొత్తగా చేరి, రోజూ బస్సులో వెళ్ళొస్తున్నాను. ఆవిడ ఊతపదమే ఆ "ఎందుకంటావ్?" పాలు విరిగితే ఎందుకంటావ్, మా పిల్లాడు ఎడమచేత్తో బొమ్మలేస్తే ఎందుకంటావ్, వేపచెట్టు ఒకవైపే చిగురేస్తే ఎందుకంటావ్. నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగేవారు. నాకేమో ఒళ్ళు మండేది. బస్సు అందుకోవడానికి పరుగులు పెట్టేదాన్ని, పాలెందుకు విరిగాయో ఆలోచించే తీరిక నాకెక్కడిది? "పోనిద్దురూ టీచరుగారూ" అనేదాన్ని. "పోనిస్తే ఎటు పోతుందో చూద్దాం, రా" అని నవ్వేవారు.

ఒకరోజు పిట్టగోడ అవతలినుంచి పిలిచారు. "అమ్మాయ్, నా కుడిచెయ్యి చూడు." చూశాను. గోడమీద ఊరికే పెట్టిన చెయ్యి, బొటనవేలూ చూపుడువేలూ సన్నగా అదురుతున్నాయి. పార్కిన్సన్స్ అని విజయవాడ డాక్టరు చెప్పారట. మందులున్నాయి గానీ పూర్తిగా పోయేది కాదట. ఆవిడే అన్నారు, "ఇంకెన్నాళ్ళు సైకిల్ హ్యాండిల్ పట్టుకోగలనో డాక్టరుక్కూడా తెలీదంట. అందుకని ఇప్పుడే పోయొస్తా."

"ఎక్కడికండీ?"

"సముద్రానికి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద నీలం సుద్దముక్కతో కృష్ణానది గీసా. సముద్రం దగ్గరికి రాగానే గీత ఆపేసేదాన్ని. అక్కడ అసలేం జరుగుతుందో నేను చూళ్ళేదు. ఏటి పక్కనే తొక్కుకుంటూ హంసలదీవి దాకా పోతా."

బస్సుందిగా, కారు మాట్లాడుకోవచ్చుగా అని అందరం అన్నాం. బస్సు నదిని దాటుతుందే గానీ నది వెంట పోదన్నారు ఆవిడ. తమ్ముడొచ్చి అరిచారు, బతిమాలారు, చివరికి ఒక షరతు పెట్టారు. సామానంతా కట్టుకుని నందిగామ దాకా వెళ్ళి తిరిగి రావాలి, వెనక తను బండి మీద వస్తారు. దారిలో చెయ్యి తప్పిందంటే ఇక జన్మలో ఆ మాటెత్తకూడదు. టీచరుగారు ఒప్పుకున్నారు. ఆవిడ మాటంటే మాటే. ఒప్పుకోగానే నాకు భయం పట్టుకుంది.

ఇక సైకిలు తయారీ మొదలైంది. ఆవిడకి బడికి వెళ్ళొచ్చిన పాత స్టీలు సైకిలొకటి ఉంది. "ఇప్పుడు తేలికవి వస్తున్నాయి కదండీ" అంటే, "స్టీలైతే ఏ ఊళ్లో విరిగినా వెల్డింగ్ పెట్టేవాడుంటాడమ్మాయ్. తేలికదానికి ఎవరున్నారు?" అన్నారు. వెనక్కి గేర్లు వేయించారు, ఎత్తుల్లో మెల్లగా తొక్కడానికి పెద్ద పళ్ళచక్రంతో సహా. లావు టైర్లు వేయించారు. కుడిచేతి బ్రేకు తీయించేసి, ముందూ వెనకా రెండు బ్రేకుల వైర్లూ ఎడమచేతి పిడికే కలిపించారు. షాపతను, "ఇట్టా ఎవరూ బిగించుకోరండీ" అన్నాడు. "నా కుడిచెయ్యి కూడా ఎవరి చెయ్యి లాంటిదీ కాదులే నాయనా, బిగించు" అన్నారు. సంచులకోసం ఇద్దరం గరికపాడు వెళ్ళాం. చెక్‌పోస్టు దగ్గర లారీలకి టార్పాలిన్లు కుట్టే పెద్దాయన, ఆవిడ గీసిన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది మేడమ్, గాడిదకా?" అన్నాడు. టీచరుగారు విరగబడి నవ్వారు. "దాదాపు అంతే. గాడిదకి కూడా రెండు పక్కలా సమానంగా ఉంటేనే నడుస్తుంది, అవునా?" ఆయన తల గోక్కుని రెండు జతలు కుట్టిచ్చాడు. మూతులకి ముళ్ళు వద్దన్నారావిడ. పిడికిలితో లాగితే ఊడొచ్చే వెడల్పాటి పట్టీలు పెట్టించారు. వణికే వేళ్ళు ముడి విప్పలేవు మరి. ఆ పట్టీలు చూసి నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ మాత్రం కొత్త బొమ్మ దొరికిన చంటిపిల్లలా పట్టీ లాగుతూ, పెడుతూ, మళ్ళీ లాగుతూ కూర్చున్నారు.

సామాను ఎంచుకోవడం ఇంకో తంతు. మంచం నిండా పరిచి ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, "నువ్వెందుకొస్తున్నావమ్మా?" అని అడిగేవారు. జవాబు చెప్పలేని వస్తువు అల్మరాలోకి పోయేది. రెండో దుప్పటి పోయింది, నేనిచ్చిన చిన్న కుక్కరు పోయింది. దానిమీద నేను అలిగాను కూడా. గోంగూర పచ్చడికి ప్రవేశం దొరికింది గానీ గాజుసీసాకి దొరకలేదు. పెద్ద బైబిలుని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు నాకు నోటికొచ్చుగా, ఇంట్లోనే ఉండు" అని దిండు పక్కన పెట్టేశారు. ఇంత తెలివిగా ఎంచుకున్న మనిషి, కట్టేటప్పుడు మాత్రం మా ఊళ్ళవైపు అందరూ చేసే పనే చేశారు. కుట్టించిన సంచులు ఒక జత చాల్లెమ్మని వెనక తగిలించి, రెండో జత మూల పడేసి, మిగిలిందంతా క్యారేజీ మీద పచ్చగడ్డి మోపులా ఎత్తుగా పేర్చి, పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టారు. "మా నాన్న ఇట్టాగే కట్టేవాడు, ఎప్పుడూ జారలేదు" అన్నారు. నేనూ ఒక చెయ్యేసి లాగి కట్టాను. మా పుట్టిల్లు వీరులపాడు. నేనూ సైకిలు మీద బడికెళ్ళినదాన్నే, మాకూ బరువు కట్టడమంటే అదే.

పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరాం. ముందు ఆవిడ సైకిలు, వెనక దానియేలుగారి బండి మీద నేను. మంచులో మిరపచేలు, పక్కనుంచి లారీల హోరు, ఆవిడ వీపు నిటారుగా. ఎంత హాయిగా సాగిందో! నందిగామ ఇంకాస్త దూరం ఉందనగా ఒక వంతెన వచ్చింది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కారు. దిగేటప్పుడు వేగం అందుకుంది. ఉన్నట్టుండి హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. చూస్తుండగానే సైకిలు రోడ్డు దిగి, మట్టిలో కూలబడింది. పరుగెత్తుకెళ్ళాం. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, దేవుడి దయ. దానియేలుగారు ఆవిడ కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. అది గడగడలాడుతోంది. "అక్కా, ఇక చాలు. నీ చెయ్యి నీ మాట వినట్లేదే" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. కోపంతో పెట్టిన షరతు కాదని నాకప్పుడు తెలిసింది.

టీచరుగారు మట్టిలోనే కూర్చుని, గాల్లో తిరుగుతున్న ముందు చక్రాన్నే చూస్తున్నారు. "ఎందుకు పడ్డానంటావ్?"

"చెయ్యి... తప్పింది కదండీ" అన్నాను.

"చెయ్యేనని నీకెలా తెలుసు?"

ఆ చెయ్యి ఎదురుగా వణుకుతూనే ఉంది. పాపం, ఒప్పుకోలేకపోతున్నారనుకున్నాను. ఆవిడ చీర దులుపుకుని లేచి, "నీ చేతులకి ఏ జబ్బూ లేదుగా. సామాను విప్పొద్దు. నువ్వెక్కి ఇదే వంతెన దిగు" అన్నారు. దానియేలుగారు వద్దన్నారు. మెల్లగా, కాళ్ళు నేలకి అందేట్టు దిగమని ఆవిడే జాగ్రత్త చెప్పారు. చున్నీ నడుముకి చుట్టుకుని పైనుంచి బయల్దేరాను. కాస్త వేగం అందుకుందో లేదో, నా చేతుల కింద హ్యాండిల్ బతికున్న చేపలా కొట్టుకోవడం మొదలెట్టింది. వెనక మూట ఒకవైపు ఊగితే చక్రం ఇంకోవైపు లాగుతోంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత వణుకు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బ్రేకు నొక్కి, రెండు కాళ్ళూ నేలకి ఈడ్చి ఎలాగో ఆపాను. సైకిలు తోసుకుంటూ వాళ్ళ దగ్గరికొచ్చేసరికి నా రెండు చేతులూ ఆవిడ చేతికంటే ఎక్కువ వణుకుతున్నాయి.

"వణికిందా?" అన్నారు.

"వణికిందండీ."

ఆ ముఖం నేనెప్పటికీ మర్చిపోలేను. పరీక్షలో తనే పాసైనట్టు వెలిగిపోయింది. తమ్ముడివైపు తిరిగి, "ఒరే దానీ, ఇది నా రోగం కాదురా, సామాను రోగం. దీనికి మందుంది" అన్నారు. ఆయన క్యారేజీ మీది మూట తనే విప్పి బండికి కట్టుకుని, "సరే, మందు వేసి చూపించు" అన్నారు.

మందు కోసం వారం పట్టింది. వసారాలో బరువు చూసుకునే మిషను పెట్టి, ముందు చక్రం ఒకసారి, వెనక చక్రం ఒకసారి దానిమీద నిలబెట్టి చూశాం. అప్పుడు తెలిసింది. బరువంతా వెనకే, అదీ ఎత్తులో. ముందు చక్రం నేలని పట్టుకోకుండా తేలుతోంది. పైగా ట్యూబుముక్కలు సాగుతూ మూటని ఉయ్యాలలూపుతున్నాయి. ఆవిడ వాళ్ళ నాన్న కట్టిన మోపు మెల్లగా, ఊళ్లోనే వెళ్ళేది. వంతెన దిగింది కాదు. కిటికీ గ్రిల్సు చేసేవాడితో ముందు చక్రానికి రెండు పక్కలా కిందుగా చట్రాలు పెట్టించి, మూలనున్న రెండో జత సంచులు అక్కడ తగిలించారు. నీళ్ళూ పనిముట్లూ బియ్యమూ కిందికి, ముందుకి వచ్చాయి. దుప్పటిలాంటి తేలికవి మీదికెళ్ళాయి. ట్యూబులు పోయి, సాగని పట్టీలు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే చూసుకుంటే, నేను బస్సు సంగతి మర్చిపోయి, బియ్యం సంచి కుడివైపా ఎడమవైపా అని ఆవిడతో వాదిస్తున్నాను. ఎందుకంటావ్ అనే జబ్బు నాకూ అంటుకుంది.

రెండోసారి అదే వంతెన సైకిలు సాఫీగా దిగింది. నందిగామలో దానియేలుగారు మాకు టీ తాగించి, "వడగాడ్పులు మొదలుకాకముందే పోయిరా" అన్నారు, అంతే. ప్రయాణం రోజు పాస్టరుగారు సైకిలు మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. మా అత్తగారు ఆయన వెనకే వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "రెండూ మంచివే. బరువు లేని సామాను ఏదైనా రానిస్తా" అని టీచరుగారు, మిగిలిన నిమ్మకాయల్ని మజ్జిగలోకని సంచిలో వేసుకున్నారు. చెవిటికల్లు దాకా నేను స్కూటీ మీద వెంట వెళ్ళాను. ఏటి ఒడ్డున ఆగి, "ఇక నువ్వెళ్ళు, పిల్లాడు బడినుంచి వస్తాడు" అన్నారు. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆవిడ మాత్రం ఏటివైపు చూస్తూ, "ఇక్కడ నీళ్ళు పచ్చగా ఉన్నాయి, ఎందుకంటావ్?" అనుకుంటూనే పెడలు మీద కాలేశారు.

సముద్రం దగ్గరనుంచి ఫోను చేశారు. గాలి హోరులో సగం మాటలు వినపడలేదు. "అమ్మాయ్, నా బొమ్మ తప్పే! ఇక్కడ గీత ఆగట్లేదు. నోట్లో పోసుకుంటే తియ్యగా ఉంది, రెండడుగులేస్తే ఉప్పగా ఉంది, మళ్ళీ తియ్యగా ఉంది. ఎక్కడ ఆపాలో తెలీట్లేదు!" ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత కొన్నేళ్ళు బాగానే తిరిగారు. ఆ తర్వాత జబ్బు తన పని తను చేసింది. చివరి రోజుల్లో ఒకసారి మంచినీళ్ళ గ్లాసు అందించాను. అందుకోబోతే నీళ్ళన్నీ దుప్పటి మీద ఒలికాయి. నేను కంగారుగా, "గ్లాసు నిండా పోసేశానండీ, నాదే తప్పు" అన్నాను. ఆవిడ నవ్వారు. మాటలు కూడబలుక్కుని, "లేదమ్మాయ్. సగం గ్లాసుతో కూడా చూశా. ఈసారి చెయ్యే" అన్నారు. అందులో దిగులు లేదు. తెలుసుకున్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం, అంతే. సైకిలు నన్ను తీసుకెళ్ళమన్నారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

ఇప్పుడు లైబ్రరీలో ఒక పిల్ల చదవలేకపోతోందని ఎవరైనా అంటే, ఆ పిల్ల నెత్తిన ఏం కట్టి పంపించారో ముందు అడుగుతాను. కొన్నిసార్లు సామానే. కొన్నిసార్లు కాదు. చూడకుండా మాత్రం చెప్పను.

ఇవాళ షాపులో కొత్తగా చేరినతను సైకిలు చుట్టూ తిరిగి, "రెండు బ్రేకులూ ఎడమచేతికే ఉన్నాయేంటి మేడమ్? మీ కుడిచెయ్యి బాలేదా?" అన్నాడు.

"నాది బాగానే ఉంది."

"మరయితే కుడివైపుకి మార్చేస్తా, ఐదు నిమిషాల పని."

వద్దన్నాను. ఎందుకు మేడమ్ అన్నాడు. మంచి ప్రశ్నే అడిగావయ్యా అని, ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.