కొత్త ఆయిల్ కంటికి ఆనదు

గుణదలలో కొండకి వెళ్ళే దారి పక్కన, మూడో సందులో, శౌరయ్య షెడ్డు. షెడ్డంటే పెద్దదేమీ కాదు, ఇంటి వసారాకి నాలుగు రేకులు అతికి ముందుకు సాగదీసింది, అంతే. ముప్పై రెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఆటోలూ స్కూటర్లూ ఆ రేకుల కిందికే వచ్చి బాగుపడి వెళ్ళేవి. ఆయన భార్య అమలమ్మ వసారా మీద చేట ముందేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళు బండి స్టాండు వేసేలోపే ఎక్కడినుంచి వస్తున్నారో, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, పెళ్ళి మాటలు ఎంతవరకూ వచ్చాయో అడిగేసేది. సందులో ఎవరింటికి గ్యాసు బండ వచ్చిందో కూడా ఆమెకి లెక్కే. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం రెండేళ్ళపాటు ఎవరి చెవినా వెయ్యలేదు.

శౌరయ్యకి కళ్ళు కనపడవు.

ఒక్కసారిగా పోలేదు. మొదట జపాల పుస్తకంలో అక్షరాలు పోయాయి. తరవాత సిటీబస్సుల నంబర్లు. ఆ తరవాత ఎదురుగా నిలబడ్డ మనిషి ముక్కూ మొహం. షుగరు కంటి వెనక పొరని తినేసిందనీ, ఆ మిగిలిన మసక చూపైనా నిలబడితే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ శౌరయ్య అన్నాడు, "సందులో ఎవరికీ చెప్పబాకే అమలా. కళ్ళు లేనోడికి బండెవడిస్తాడు?"

చెప్పలేదామె. చెప్పాల్సిన అవసరం కూడా పెద్దగా రాలేదు. మనుషుల్ని గొంతుని బట్టి, బళ్ళని చప్పుడుని బట్టి పోల్చుకునేవాడు. నట్టు బిగిసిందో లేదో చేతికి తెలుస్తుంది, ప్లగ్గు కాలిందో లేదో ముక్కుకి తెలుస్తుంది. ఒక్క దగ్గరే ఆయన చెయ్యి ఓడిపోయేది. ఆయిల్ మార్చాక గేజీ చూడడం దగ్గర.

గేజీ అంటే ఇంజనులోకి దించి ఉండే సన్నటి ఇనప బద్ద. దాని కొసన రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య నిలవాలి. కిందికి తగ్గితే ఇంజను మాడిపోతుంది, పైకి పెరిగితే పొగ కక్కుతుంది. మడ్డికట్టిన పాత ఆయిలైతే నల్లగా ఆ మసక కళ్ళకీ కాస్త ఆనేది. కొత్త ఆయిల్ అలా కాదు. పల్చటి తేనె రంగులో ఉండి, ఇనప బద్ద మీద ఉందో లేదో మంచి కళ్ళవాళ్ళే వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి. వేలితో తడిమితే పైనుంచి కిందిదాకా జిడ్డే తగులుతుంది.

అందుకని మొగుడూ పెళ్ళాలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. శౌరయ్య పాత ఆయిల్ దించి, బోల్టు బిగించి, కొత్తది ముందు ముప్పావు వంతే పోసేవాడు. ఎక్కువైతే తియ్యడం కష్టం, తక్కువైతే పొయ్యడం తేలిక. ఇంజను రెండు నిమిషాలు తిప్పి, ఆపి, ఆయిలంతా అడుక్కి దిగేదాకా ఆగేవాడు. అప్పుడు, "అమలా, గుడ్డ తేవే," అని కేకేసేవాడు. అమలమ్మ పాత చీర ముక్క తెచ్చి గేజీ తుడిచి ఇచ్చేది. ఆయన దించి, మళ్ళీ పైకి తీసి, ఎండకేసి పట్టుకునేవాడు. చూసేది మాత్రం ఆమె. సరిపోతే గుడ్డ ఆయన భుజం మీద వేసి లోపలికి వెళ్ళిపోయేది. తక్కువైతే గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడేది. ఆయన మళ్ళీ కాస్త పోసేవాడు. రెండేళ్ళలో ఒక్క బండి కూడా తేడా రాలేదు.

"ఏం పిన్నమ్మా, బాబాయికి గుడ్డ కూడా నువ్వే అందియ్యాలా? మా ఇంటిది మంచినీళ్ళే ఇయ్యదు," అని అంతోని ఏడిపించేవాడు. అంతోని నాలుగిళ్ళ అవతల ఉంటాడు, ఆటో నడుపుతాడు. వేలు విడిచిన వరస అయినా సొంత బాబాయిలాగే చూస్తాడు.

"నీ మొహానికి మంచినీళ్ళు కూడానా? ఆ పిల్ల నిన్ను ఇంట్లోకి రానిస్తుంది చూడు, అది గొప్ప," అనేది అమలమ్మ.

ఫిబ్రవరిలో మరియమాత తిరునాళ్ళు వచ్చాయి. మూడు రోజులు ఆటోలకి ఊపిరాడదు. మొదటి రోజు పొద్దున్నే అంతోని ఆటో తెచ్చి రేకుల కింద పెట్టాడు. "ఆయిల్ మార్చి ఇచ్చెయ్ బాబాయ్, మళ్ళీ మూడు రోజులు దీన్ని ఆపేది లేదు," అన్నాడు. పాత ఆటో, మామూలుగానే కాస్త ఆయిల్ తాగే బండి.

శౌరయ్య ఎప్పటిలాగే ముప్పావు వంతు పోశాడు, తిప్పాడు, ఆపాడు, ఆగాడు. సరిగ్గా అప్పుడే వెనకింటి హెలెన్ కొత్త చీర కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"వదినా, ఇంకా ఇక్కడే ఉన్నావా? మైకులో వినపళ్ళా? మాత స్వరూపం ఊరేగింపు బయల్దేరింది. కంకిపాడు నుంచి మీ మరదలోళ్ళు కూడా వచ్చారు, మెట్ల దగ్గర చూశా."

"మా మరదలా? కోడల్ని తీసుకొచ్చిందా? కడుపుతో ఉందన్నారు, ఎన్నో నెల?"

"అవన్నీ నన్నడుగుతావేంటి, వస్తే నువ్వే అడుగుదువుగాని!"

"అమలా, గుడ్డ తేవే," అన్నాడు శౌరయ్య.

ఆమె గుడ్డ తెచ్చింది. ఒక కాలు చెప్పులో ఉంది, రెండోది ఇంకా వసారా మీదే. గేజీ తుడవలేదు. ఆయన పైకి తీసి పట్టుకున్నదాని వంక ఒక చూపు విసిరింది. కొసనుంచి జానెడు పైదాకా తళతళలాడింది. గొట్టంలోంచి లాగినప్పుడు అంటుకున్న జిడ్డు అది. తుడిచి మళ్ళీ దించితే గాని నిజం తెలియదని ఆమెకి తెలుసు. రెండేళ్ళుగా అదే కదా ఆమె పని! కాని గేటు అవతల జనం పాటలు పాడుకుంటూ పోతున్నారు. గుడ్డ ఆయన భుజం మీద పడేసి, చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయింది.

గుడ్డ భుజం మీద పడిందంటే సరిపోయినట్టే గదా అని శౌరయ్య మూత బిగించాడు.

మూడో రోజు మధ్యాహ్నం, తిరునాళ్ళ జనాన్ని వాళ్ళ ఊరికి దింపబోతూ కంకిపాడు దాటాక, అంతోని ఆటో ఇంజను పట్టేసింది. ఎక్కినవాళ్ళలో ఒక ముసలామె ఎండలో రోడ్డు పక్కన గంటసేపు కూర్చుంది. ఆటోని వేరే బండికి తాడుతో కట్టి ఆటోనగర్‌కి లాక్కుపోయారు.

మర్నాడు అంతోని నడుచుకుంటూ వచ్చాడు. ఆటో లేకుండా అతను ఆ సందులోకి రావడం అమలమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు.

"బాబాయ్, ఆటోనగర్‌లో కిరీటి ఇంజను విప్పాడు. లోపల పిస్టను గీసుకుపోయి పనికిరాకుండా పోయింది. గేజీ తీసి నా కళ్ళ ముందే చూపించాడు. కింది గీతకి కూడా ఆయిల్ అంటలా. ఎక్కడా కారలేదు, అన్నీ బిగువుగానే ఉన్నాయంట. పోసినోడే తక్కువ పోశాడన్నాడు."

శౌరయ్య చేతిలో ఉన్న స్పానర్ని బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచు దొరక్క, రెండోసారి పెట్టాడు. లోపల గుమ్మం చాటున అమలమ్మ అంతా వింటూ నిలబడింది. 'నా పేరు చెప్పు, ఆడది చూసింది, ఆడదే తప్పు చేసింది అని చెప్పు,' అనుకుంది మనసులో. కాని అలా చెబితే, ఆడది ఎందుకు చూడాల్సి వచ్చిందో కూడా చెప్పాలి.

"ముప్పై ఏళ్ళ నుంచి నీ చేతికి తిరుగు లేదు బాబాయ్. ఆ రోజేమైంది? నిజం చెప్పు, తాగావా?"

శౌరయ్య ఆ పాడు అలవాటు మానేసి పంతొమ్మిదేళ్ళు. కొండ మీద మాత ముందు మోకాళ్ళ మీద మొక్కుకుని మానేశాడు. ఆ సంగతి సందులో అందరూ ఎరుగుదురు. అంతోని కూడా కోపంలో అన్నాడే గాని నమ్మి అన్నది కాదు.

"తాగాన్రా," అన్నాడు శౌరయ్య. "తిరునాళ్ళ గదా అని... కాస్త."

అంతోని మొహం పాలిపోయింది. తిట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అమలమ్మ అడిగింది, "ఎందుకు అంత మాట అన్నావయ్యా? తప్పు నాది గదా! గేజీ తుడవకుండా పోయింది నేను గదా!"

"తపస్సుకాలం వస్తంది, ఈస్టరు దాకా ఉపవాసాలు," అన్నాడాయన, ముద్ద కలుపుతూ. "నలభై రోజులు ముట్టకుండా ఉంటే తాగుబోతుని మళ్ళీ నమ్ముతారే. కళ్ళు లేనోణ్ణి ఎన్ని రోజులకి నమ్ముతారు?"



సంగతి సందు మొత్తానికి పాకింది. పాల దగ్గర, పంపు దగ్గర అదే మాట. "అమ్మో, మాత పండగ రోజునే తాగాడంట!" అని హెలెన్ కూడా బుగ్గలు నొక్కుకుంది. ఊరందరి సంగతులూ ఆరా తీసే అమలమ్మ తన ఇంటి సంగతి వినలేక, ఎండ బాగా ఎక్కాక, పంపు దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్ళి నీళ్ళు తెచ్చుకునేది. పైగా ఆదివారం చర్చిలో పూజకి వెళ్తే, శౌరయ్య దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేదు. ముందు ఫాదరుగారి దగ్గర పాపం ఒప్పుకోవాలి, ఆ పాపసంకీర్తనం చెయ్యకుండా లేవకూడదు. తాగని మందుని తాగానని ఫాదరుగారి చెవిలో ఎలా చెప్తాడు? అబద్ధమాడానని చెబుదామంటే, ఆ అబద్ధాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాడు. వెనక బల్ల మీద తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. పక్కన అమలమ్మ కూడా లేవలేదు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

రెండు రోజులకి చర్చి ఉపదేశి ఫిలిప్ మాస్టారు, అంతోనిని కూడా వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. మంచి మనిషి, మందలించడానికి కాదు, ఇద్దరికీ సఖ్యత కుదర్చడానికే వచ్చారు.

"శౌరయ్యా, పడినవాడు లేవలేడని ఎవరూ అనలేదు. రేపు నాతో రా, ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకో. పంతొమ్మిదేళ్ళ మొక్కు ఒక్కరోజులో పోగొట్టుకున్నావు, మళ్ళీ మొదలుపెట్టు."

శౌరయ్య తల వంచుకుని, "అట్టాగేనండీ," అన్నాడు.

ఆ 'అట్టాగేనండీ' విని అమలమ్మ ఉండలేకపోయింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ మొక్కు రోజున, కొండ మెట్ల మీద ఆయన మోకాళ్ళు చిట్లి రక్తం కారితే, కొంగు చింపి కట్టింది తనే.

"ఆయన తాగలేదు మాస్టారూ," అంది. "చుక్క కూడా తాగలేదు. ఆయనకి కళ్ళు కనపడవు. రెండేళ్ళయింది. గేజీ చూసేది నేను. ఆ రోజు చూడకుండా తిరునాళ్ళకి పరిగెత్తింది నేను. అంతోనీ, నీ బండి మాడ్చింది నేనురా!"

 ఫిలిప్ మాస్టారు మెల్లగా వంగి, శౌరయ్య మొహానికి ఎదురుగా చెయ్యి ఆడించి చూశారు. శౌరయ్య రెప్ప వెయ్యలేదు. అంతోని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పావే?" అన్నాడు శౌరయ్య. గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువ కోసింది.

ఆ మర్నాటినుంచి సందులో ఆయన్ని ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. దారిలో కనపడితే చెయ్యి పట్టుకుని గట్టు దాటించేవాళ్ళు. హెలెన్ గిన్నెలో పులుసు తెచ్చి పెట్టి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళింది. అందరూ ఎంతో మంచిగా ఉన్నారు. రేకుల కిందికి బండి మాత్రం రాలేదు. ఒక వారం. రెండు వారాలు. శౌరయ్య పొద్దున్నే స్నానం చేసి, పని చొక్కా తొడుక్కుని, ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. సందు చివర ఏదైనా బండి చప్పుడు వినపడితే తల ఎత్తేవాడు. అది ముందుకి సాగిపోయేది.

"చక్రపాణి గారి స్కూటరు. క్లచ్చు జారుతంది," అనేవాడు, ఎవరికో చెబుతున్నట్టు.

తపస్సుకాలం సగం గడిచాక, ఒక పొద్దున అంతోని ఆటో వచ్చి రేకుల కింద ఆగింది. బాగుచేయించుకుని తెచ్చాడు.

"బాబాయ్, ఆయిల్ సరిగ్గా ఉందో లేదో కాస్త చూసి పెట్టు. నాకు నీ చేత్తో చూస్తేనే నమ్మకం."

శౌరయ్య లేచాడు. చేత్తో ఇంజను తడిమాడు. వేడిగా లేదు, చల్లగా లేదు. ఎక్కడో కాసేపు ఆపి ఉంచి, ఆయిల్ అడుక్కి దిగేదాకా ఆగి, చూపించుకుని, అప్పుడు తెచ్చిన ఇంజను అది. మూత అంచున తడి లేదు. గేజీ పిడి తుడిచి ఉంది. అన్నీ ఆ వేళ్ళకి తెలిశాయి. వసారా మీద నిలబడ్డ అమలమ్మకి కూడా తెలిసింది, అంతోని మొహం చూసి.

గేజీ తీశాడు, ఎప్పటిలాగే ఎండకేసి పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉన్నాడు. ఎవరినీ పిలవలేదు. మళ్ళీ దించేసి మూత బిగించాడు.

"బాగుందిరా. ఇక నుంచి ఆటోనగర్‌లోనే చూపించుకో. ఇంత దూరం నాకోసం తిప్పబాకు."

"అదేం లేదు బాబాయ్..."

"ఎరుగుదునురా. పో, గిరాకీ టైము."

ఆటో వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కేదాకా శౌరయ్య దాని చప్పుడు వింటూ నిలబడ్డాడు. చప్పుడు నున్నగా ఉంది.

"అమలా," అన్నాడు. "నేను పైకి తీసినప్పుడు చూశావా?"

"చూశా."

"ఎంతదాకా ఉంది?"

ఈ రెండేళ్ళలో ఆయన నోరు తెరిచి ఆ మాట అడగడం అదే మొదటిసారి. అమలమ్మ చెప్పింది, "పై గీతకి వెంట్రుకవాసి కింద."

శౌరయ్య తల ఊపాడు.

"కిరీటి మంచి పనోడే," అన్నాడు. పని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు.