వసుంధర తోటలోకి పురుగు ఎలా వచ్చిందంటే

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. వసుంధర ఇక లేదన్నారు.

చేతిలో కాఫీ చల్లారిపోయింది. తాగలేదు, పారబోయనూ లేదు.

మొన్న ఆదివారమే మాట్లాడాను. తన నొప్పుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా ఫ్రిస్కో ఇంట్లో గులాబీకి పట్టిన పేనుబంక గురించి అడిగింది. మందు కొట్టకు, అక్షింతల పురుగులొచ్చి తినేస్తాయి, ఓపిక పట్టు అంది.

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. వసుంధర నా స్నేహితురాలు, అగ్రికల్చర్ బీఎస్సీ. భర్తతో కలిసి వెస్ట్ టెక్సాస్‌లో అక్రోటు లాంటి పెకాన్ కాయల తోట పెంచింది. చుట్టుపక్కల వాళ్ళు క్యాలెండర్ చూసి స్ప్రే చేసేవారు. ఆమె చెట్టును చూసి చేసేది. ఆకు తిప్పి, కాండానికి కట్టిన ట్రాప్ చూసి, పురుగు మించితేనే మందు. రాలిన కాయను నేల మీద ఉండనిచ్చేది కాదు.

ఈరోజు ఆమె మరిది రంగారావు గారు ఇదే గ్రూప్‌లో పోస్ట్ పెట్టారు. మందు కొట్టమంటే వదిన వినలేదట. అందుకే తోట పోయిందట. ఆ బెంగతోనే ఆమె పోయిందట.

కింద అందరూ దండాలు పెట్టారు.

తోట ఎందుకు పోయిందో నేను చెబుతాను. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

ఓ ఏడు థ్యాంక్స్‌గివింగ్‌కి రంగారావు గారు ప్లేనో నుంచి తోటకి వచ్చారు. ఉత్త చేతులతో రాకూడదని, తన బ్యాక్‌యార్డ్ చెట్టు కాయలు సంచీ నిండా తెచ్చారు.

పెకాన్ తోటకి పెకాన్లు.

మన ఫ్రిస్కో, ప్లేనో వైపు కాయల్లో ముక్కు పురుగు ఉంటుంది. తోట ఉన్న వైపు లేదు. ఇటు కాయలు అటు తీసుకెళ్ళకూడదని రూల్. వసుంధర ఫోన్‌లో ముందే చెప్పింది కూడా.

రాత్రంతా సంచీ చెట్టు కిందే ఉంది. పొద్దున అక్కడే కుర్చీ వేసుకుని ఒలుచుకు తింటూ పుచ్చులు పక్కకి విసిరారు. వసుంధర పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఏరింది.

"పెకాన్ తోటలో పెకాన్ పడితే మైలా, వదినా?" అని ఆయన నవ్వారు. ఆయన అన్నగారు, వసుంధర భర్త, ఆయనా నవ్వారు.

ఏరినవన్నీ ఉడకబెట్టింది. చాలావాటికి అప్పటికే చిల్లులున్నాయి. పురుగు మట్టిలోకి దిగిపోయింది.

అది మట్టిలో ఏళ్ళు దాక్కుంటుంది. రెండేళ్ళు దాటాక ఒక ఆగస్టులో ట్రాప్‌లో పడింది. తోటంతా పట్టలేదు. ఆ కుర్చీ వేసిన చెట్టుకీ, దాని పక్కనున్న మూడు చెట్లకీ మాత్రమే.

కనిపెట్టిందీ, అధికారులకు చెప్పిందీ ఆమే. ఆ ఏటి కాయలు బయటికి పంపడానికి వీల్లేదన్నారు. ఆ నాలుగు చెట్ల దగ్గరే మందు కొట్టి, నేల శుభ్రంగా ఉంచితే తోట నిలుస్తుందని వసుంధర మొత్తుకుంది. తమ్ముడి మాట విని భర్త అమ్మేశారు.

భర్తకు నిజం చెప్పెయ్యమని వసుంధరతో పోట్లాడాను.

"అన్నదమ్ములు విడిపోతారు. నేనున్నంత కాలం నువ్వు నోరు విప్పకు" అంది.

విప్పలేదు. నిన్నటితో ఆ గడువు తీరింది.

అన్నయ్యగారూ, మీ వసుంధర గురించి మీరూ చదవాలనే రాశాను.

శనివారం సంతాప సభలో రంగారావు గారు మాట్లాడతారట. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆ సంచీ సంగతి ఆయనే చెబితే సరి. లేదంటే తర్వాత మైకు నాది.

వసుంధరా, నువ్వు నిశ్చింతగా నిద్రపో.

ఆయనకు మాత్రం శనివారం దాకా నిద్ర పట్టకూడదు.