ఎర్ర పేజీ

ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. వేసిన తలుపుని రెండుసార్లు లాగి చూడనిదే కదలడు. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌కి, పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ చిక్కకుండా సురక్షితమైన వెబ్ పేజీ పెట్టింది కూడా ఆయనే. అది తెరిచినప్పుడల్లా "ఈ సైటును నమ్మొద్దు" అని బ్రౌజర్ ఎర్రగా అరిచేది.

"పేజీ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ మనమే రాసుకున్నాం కదమ్మా, అందుకే దాని గోల. నొక్కెయ్" అనేవాడు, తన దగ్గరే పనిచేసే మేనకోడలితో.

ఆ పిల్ల పోరు పడలేక, నిన్న ఆ సర్టిఫికెట్‌ని నమ్మమని కంప్యూటర్‌కి చెప్పాడు. ఎర్ర పేజీ పోయింది.

ఈ ఉదయం మళ్లీ వచ్చింది. ఏళ్ల అలవాటు, ఆయన వేలు నొక్కేసింది. పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పంది. విసుక్కుంటూ మళ్లీ కొట్టాడు. ఈసారి తెరుచుకుంది.

"మామయ్యా," వెనకనుంచి మేనకోడలు అంది. "మన పేజీకి నిన్నటితోనే ఆ ఎరుపు పోయిందిగా? మరి ఇందాక వచ్చింది ఎవరి పేజీ?"

స్విచ్‌లోకి ఇప్పుడు ఎవరెవరు వచ్చి ఉన్నారో స్క్రీను మూలన కనబడుతోంది. ఆయన పేరే రెండుసార్లు ఉంది.