ఇంటికి తాళం ఉన్న సాక్షి

కోర్టుల్లో కేసులు ఎందుకు ఆలస్యమవుతున్నాయో తేల్చే ప్రభుత్వ పరిశోధనలో తనకు చోటు దొరికిందని మొన్న మా మనవరాలు ఫోన్ చేసి చెబితే సంతోషించాను గానీ, ఆ పూటంతా మనసు మనసులో లేదు. ఒకప్పుడు నేనూ అలాంటి పనే చేశానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, మా కాలేజీ మేష్టారొకరు ప్రభుత్వ నిధులతో చేపట్టిన అధ్యయనంలో చేరాను. రాజమండ్రి కోర్టులో వాయిదాలు పడుతున్న కేసుల ఫైళ్లు చూసి, సాక్షులు ఎందుకు రావడం లేదో వాళ్ల ఇళ్లకు వెళ్లి కనుక్కుని ఫారాలు నింపడం నా పని. ఫైళ్లలో చూసింది బయట ఎవరితోనూ అనకూడదన్నది మేష్టారు పెట్టిన మొదటి షరతు. మన తరం వాళ్లకు మేష్టారి మాటంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

రామచంద్రపురం వైపు నుంచి వచ్చే ఒకావిడ ప్రతి వాయిదాకీ కోర్టు వరండాలో కనిపించేది. ధవళేశ్వరం రేవులో జరిగిన కొట్లాటలో ఆవిడ భర్తను పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ కొట్లాట కళ్లారా చూసిన సాక్షి ఒక్కడే, అతనేమో చిరునామాలో లేడంటూ సమన్లు తిరిగొస్తున్నాయి. ప్లీడరుగారు ఆవిడకు వాయిదా పడిందని తప్ప మరో ముక్క చెప్పేవారు కాదు.

నేను పొద్దెక్కాక ఆ చిరునామాకు వెళ్తే తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటావిడ నవ్వి, "తెల్లారకుండానే వలేసుకుని వెళ్లిపోతాడండి, వాళ్లావిడేమో చేపల గంపెత్తుకుని ఊళ్లోకెళ్తాది. నాలుగింటికి రండి, అరుగు మీదే ఉంటాడు" అంది. వెళ్తే నిజంగానే వల బాగుచేసుకుంటూ ఉన్నాడు. పిలిస్తే ఎందుకు రానని, ఆవిడ భర్త కొట్లాట విడదీయబోయి ఇరుక్కున్నాడని తానే చెప్పాడు. సమన్లు తెచ్చే కానిస్టేబులు ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే వచ్చేవాడట.

ఫారంలో ఈ సంగతికి గడి లేకపోతే 'ఇతర కారణాలు' అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసి, ఎంతో కనిపెట్టినట్టు మురిసిపోయాను. తరువాతి వాయిదా రోజున ఆవిడ నా చేతిలో ఫైళ్లు చూసి దగ్గరకొచ్చి, "ఎందుకండీ ఇలా వాయిదాలు పడతన్నాయి, మీకేమన్నా తెలుసాండి?" అని అడిగింది. తెలియదండీ అన్నాను. కనీసం మేష్టారి చెవిన వేద్దామని కూడా నాకు తోచలేదు.

నివేదిక అచ్చయ్యేసరికి ఏడాది దాటింది. మనుషులు ఇంటిపట్టున ఉండే వేళకు సమన్లు అందించాలన్న సిఫార్సు అందులో ఉంది, అందుకు మేష్టారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ ఏడాదంతా ఆవిడ భర్త జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు సమన్లు ఫోనుకే వస్తున్నాయట, మంచి మార్పే. మేం రాసిన కాగితాల వల్ల తరువాత ఎందరికో మేలు జరిగిందేమో కూడా. నా ఎదురుగా నిలబడి అడిగిన ఆ ఒక్క మనిషికి మాత్రం జరగలేదు.