బొట్టు పెట్టిన ఇనుపముక్క

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మా పెద్దబాపుకు ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. దసరా నాడు పానాలు, సుత్తెలు, జాకీలు కడిగి, వరుసగా పేర్చి బొట్లు పెట్టేవాడు. ఆ వరుస చివర మూరెడు ఇనుపముక్క ఒకటి ఉండేది. మధ్యలో వెల్డింగ్ అతుకు, ఆ అతుకు దగ్గరే విరిగి రెండు తునకలు. దానికి బొట్టు పెట్టేటప్పుడు పెద్దబాపు చెయ్యి కాసేపు ఆగేది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. పారేయడం మరిచిపోయాడేమో అనుకునేదాన్ని.

ఒక ఏడు దసరాకు ముందు షెడ్డు ఊడ్చే పని నాకు అప్పజెప్పారు. అప్పుడే పాత ఇనుము కొనే సైకిలాయన కేకేస్తూ వచ్చాడు. తుప్పు పట్టిన బోల్టులతో పాటు ఆ రెండు తునకలనూ ఆయన సంచిలో వేశాను. గుప్పెడు పుట్నాలు, ఇంత బెల్లం ఇచ్చాడు. మంచి పని చేశాననుకుంటూ తిన్నాను.

పండుగ నాడు పెద్దబాపు కుంకుమ గిన్నె పట్టుకుని వరుస చివర ఆగిపోయాడు. "ఈడున్న ముక్కేది బిడ్డా?" అన్నాడు. చెప్పాను. ఆయన నేల మీద అట్లాగే కూర్చుండిపోయాడు.

ఆ రోజే మాకు సంగతి చెప్పాడు. మా ఊరి పెద్దింటి చిన్న పటేలు బొంబాయి నుంచి ఇద్దరే కూర్చునే చిన్న రేసు కారు తెచ్చాడట. సగం సామాను లేదు. ఆయనా పెద్దబాపూ కలిసి దానికి జీపు రేడియేటరు బిగించారు, పైకప్పు కోసేశారు. అట్లాంటి బండి ఎక్కడా లేదని ఊరంతా వచ్చి చూసిందట. కానీ స్టీరింగు తిప్పితే చక్రాలను మళ్లించే ఆ ముక్కలో పగులు ఉంది. కొత్తది ఎక్కడా దొరకలేదు. పెద్దబాపు అతికించి, ఇది నమ్మదగినది కాదన్నాడు. "నీ చేతి అతుకు అసలు ఇనుము కంటే గట్టిది" అని చిన్న పటేలు నవ్వాడట. ఆ పొగడ్తకు పెద్దబాపు నోరు మూతపడింది. కామారెడ్డి తోవలో ఒక మలుపు దగ్గర ముక్క విరిగింది. చిన్న పటేలు ఇంటికి రాలేదు.

సైకిలాయన ఇనుము కామారెడ్డిలోనే అమ్ముతాడని, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో అక్కడికి పోయాడు. పాత ఇనుప దుకాణాలన్నీ తిరిగాం. మూడో దుకాణాయన గుర్తుపట్టాడు.

"గా ముక్కనా? పట్నం నుంచి ఇద్దరొచ్చిండ్రన్నా. చిన్న రేసు కార్లంటే పిచ్చోళ్లు. చూడంగనే కండ్లకద్దుకున్నరు. ఏడా దొరకదట. అతికిచ్చుకుంటమని పట్టుకపోయిండ్రు."

"పేరేంది? ఏ గల్లీ?"

"ఇనుము కొననీకొచ్చినోని ఇంటిపేరు అడుగుతమా అన్నా?"

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. దెబ్బలు పడతాయనుకున్నాను. పెద్దబాపు నా తల మీద చెయ్యి వేశాడు. "నిన్నేమంట బిడ్డా. అది పానం తీసిన ముక్క అని నేనెన్నడన్న చెప్పిన్నా? పారేస్తే ఎవలన్న ఏరుకుంటరని దాచిన గని, సిగ్గుతోని నోరు తెరవకపోతి. చెప్పంది నీకెట్ల ఎరుకైతది?"

ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన ప్రతి వాళ్లకూ తన తప్పు తానే చెప్పుకునేవాడు. పట్నం పోయే డ్రైవర్లతో కబురు కూడా పంపాడు. ఏ జవాబూ రాలేదు.

అరవై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. అప్పటి నుంచి పేపర్లో ప్రమాదం వార్త కనబడితే, ముందు ఏ బండి అని చూస్తాను. నా గుప్పెడు పుట్నాలు ఎవరింట్లో ఏం చేశాయో ఈనాటికీ తెలియదు.

మొన్న చలికాలంలో కామారెడ్డి బస్టాండు దగ్గర అట్లాంటి పాత చిన్న కార్లు నాలుగు చాయ్‌కి ఆగాయి. ఒక్క అద్దం కోసం రెండేళ్లు వెతికానని ఒక అబ్బాయి గొప్పగా చెబుతున్నాడు. దగ్గరికి పోయి, "బిడ్డా, దీని స్టీరింగు కింద అతుకేసిన ముక్క ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

"ఏందవ్వా, నువ్వు గూడ మెకానిక్‌వా?" అని నవ్వాడు.

పుట్నాల సంగతితో సహా అంతా చెప్పాను. అతని నవ్వు పోయింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, రుమాలు పరుచుకుని, బండి కిందికి దూరాడు. చాలాసేపు చూశాడు.

"లేదవ్వా" అన్నాడు.

"ఆ మూడు గూడ చూడు బిడ్డా" అన్నాను.